ఇంట్లో దొరికేవాటితో చిన్నపిల్లల ఆటలు: ఏ వయసుకు ఏది, ఎంత కొలత?

కందుకూరు_కిటికీ
ఇంట్లో ఇద్దరు పిలకాయలు. ఒకరికి రెండున్నర, ఒకరికి అయిదు. వీడియోల్లో చూపించే ఆటలన్నిటికీ పామ్‌పామ్‌లు, పైప్ క్లీనర్లు, క్రీమ్ ఆఫ్ టార్టార్ కావాలంటారు. మా బజార్లో అవి ఒక్కటీ లేవు. వంటింట్లో, పెరట్లో ఉండేవాటితో కుదిరేవి చెప్పండి. "పిండితో ఆడించండి" అని ఊరికే చెప్పకుండా ఎంత పిండి, ఏ గిన్నె, ఎక్కడ చెడుతుంది, అవి కూడా రాస్తే మేలు.

అంగన్‌వాడీ_అక్క
రెండున్నరేళ్ళ వాడికి మొదట పెట్టాల్సింది పోత ఆట. ఒక గిన్నెలోది ఇంకో గిన్నెలోకి పొయ్యడం, అంతే. దీనికి చిన్న గాజు జగ్గులు కొనమంటారు గానీ, అంతకన్నా మంచి వస్తువు మన అటక మీదే ఉంటుంది: ఉగ్గుగిన్నె. ముక్కు ఉంటుంది, పసి పిడికిట్లో ఇముడుతుంది, కింద పడినా పగలదు. రెండు ఉగ్గుగిన్నెలు ఒకే సైజువి ఉండాలి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నదైతే పొంగిపోతుంది, వాడు తన చెయ్యి బాగాలేదనుకుంటాడు.

అంచున్న పళ్ళెంలో రెండూ పెట్టి, ఒకదాంట్లో సగానికి బొంబాయి రవ్వ పొయ్యండి. పప్పులు, శనగలు ఈ వయసుకు వద్దు. ముక్కులో దూర్చుకుంటే లోపల తడికి ఉబ్బి గట్టిగా ఇరుక్కుంటాయి. రవ్వ ఒలక్కుండా నాలుగు రోజులు పోశాడంటే నీళ్ళకు మారండి, అప్పుడు ముప్పావు గిన్నె. స్టీలు గ్లాసులోకి పోయించేటప్పుడు గ్లాసుకు రబ్బరుబ్యాండు వేసి "ఇక్కడిదాకా" అని ఒక్కసారి చూపించండి చాలు. పక్కన నిలబడి "జాగ్రత్త, జాగ్రత్త" అంటుంటే వాడు గిన్నె మానేసి మీ మొహం చూస్తాడు, ఒలికేది అప్పుడే.

తుడుచుకోడానికి జేబురుమాలంత గుడ్డ ఇవ్వండి. తువ్వాలు ఇస్తే పిండలేడు.

అయిదేళ్ళ పాపకు అదే పళ్ళెం, పని వేరు. గ్లాసు నిండడానికి ఎన్ని ఉగ్గుగిన్నెలు పడతాయో ముందు చెప్పమనండి, తర్వాత పోసి పలక మీద గీతలు పెట్టమనండి. ఒకసారి ఏడు, ఒకసారి తొమ్మిది వస్తే, గిన్నె ప్రతిసారీ ఒకే మట్టానికి నింపలేదని తనే కనిపెడుతుంది. కొలత అంటే ఏంటో అప్పుడు తెలుస్తుంది.

బకెట్టు, టబ్బు వాడబాకండి. అడుగున జానెడు నీళ్ళు కూడా ఉండక్కర్లేదు, తల బరువుకు వంగి పడితే ఆ వయసు పిల్లలు లేవలేరు. ఆట అయిన మరుక్షణం నీళ్ళు చెట్లకు పోసెయ్యండి.

వంటింటి_రసాయనం
క్రీమ్ ఆఫ్ టార్టార్ లేకుంటే పిండిముద్ద రాదనుకోవద్దు. అది పుల్లటి పొడి, మన నిమ్మరసం ఆ పని చేస్తుంది. కొలతలు రాసుకోండి.

మైదా 1 కప్పు, మెత్తటి ఉప్పు అర కప్పు, నీళ్ళు 1 కప్పు, వంటనూనె 1 టేబుల్ స్పూను, నిమ్మరసం 2 టీ స్పూన్లు. ఏ కప్పయినా ఫర్వాలేదు, అన్నిటికీ అదే కప్పు. నీళ్ళలో ఉప్పు కరిగినంత మేర కలిపాక మిగతావి వేసి, ఉండలు లేకుండా దోసెల పిండిలా కలపాలి. పొయ్యి సన్నమంట మీద పెట్టి ఆపకుండా తిప్పుతుంటే మొదట రెండు నిమిషాలు ఏమీ అవదు, తర్వాత ఉన్నట్టుండి అడుగు నుంచి గట్టిపడుతుంది. అక్కడ కంగారుపడి దించబాకండి. మొత్తం ఒక ముద్దై బాండలి అంచులు వదిలాక, వేలితో తాకితే అంటకుండా ఉన్నాక దించాలి. అంతా 4, 5 నిమిషాల పని. గోరువెచ్చగా అయ్యాక అయిదు నిమిషాలు మర్దించండి. చపాతీ పిండికంటే మెత్తగా, చెవితమ్మెలా రావాలి.

రాళ్ళుప్పు వేస్తే గరుకు మిగులుతుంది, గోరుచుట్టు పుండ్లున్న వేళ్ళకు మంట. రాళ్ళుప్పే ఉంటే వేణ్ణీళ్ళలో కరిగించి వడకట్టి వాడండి. రంగుకు పసుపు చిటికెడు. బీట్‌రూట్ రసం మొదటి రోజు బాగుంటుంది, మూడో రోజుకు ఇటుక రంగుకు తిరుగుతుంది.

కావలి_గేటు
బియ్యప్పిండితో చేయొచ్చా? మైదా ఎందుకని.

వంటింటి_రసాయనం
మైదాలో సాగే గుణం ఉంది, బియ్యప్పిండిలో లేదు. చల్లనీళ్ళతో కలిపితే పాము చేసేలోపే పగుళ్ళిస్తుంది. చేయాలంటే మోదకాలకు ఉక్కించినట్టు మరిగే నీళ్ళలో పోసి ఉడికించాలి, పైగా అది ఆ పూటకే. గోధుమపిండి అయితే సరిపోతుంది, కాస్త గోధుమరంగుగా ఉంటుంది అంతే.

కందుకూరు_కిటికీ
మీరు చెప్పినట్టే చేశాను, నిన్న బాగుంది. ఈరోజు పొద్దున డబ్బా తీస్తే పైన తడి, చేతికి జిగురు. మూత గట్టిగానే పెట్టాను.

వంటింటి_రసాయనం
రెండు కారణాలు. వేడిగా ఉండగానే డబ్బాలో పెడితే ఆవిరి మూతకు పట్టి మళ్ళీ ముద్ద మీదే పడుతుంది. రెండోది మన గాలి. ఉప్పు గాల్లో తేమను లాగుతుంది, తీరం వెంబడి ఊళ్ళలో కార్తీక మాసపు ముసురు పట్టినప్పుడు డబ్బా తీసిన ప్రతిసారీ లాగుతూనే ఉంటుంది. పొడి మైదా ఒక చెంచా చల్లి మర్దించండి, దారికొస్తుంది. రెండోసారి అంతే అయితే ఇంకో అర చెంచా. అంతకు మించి పిండి కలిపారంటే పొడిబారి పగులుతుంది, అప్పుడు నాలుగు చుక్కల నూనె.

ప్లాస్టిక్ డబ్బాలోనే దాచండి, ఉప్పు స్టీలు డబ్బా అంచును తుప్పు పట్టిస్తుంది. ఉడికించిన ముద్ద ఫ్రిజ్‌లో రెండు మూడు వారాలు ఉంటుంది. నల్లచుక్క గానీ పుల్లవాసన గానీ వస్తే గిల్లి తీసేయడం కాదు, మొత్తం పారేయాలి.

అంగన్‌వాడీ_అక్క
చిన్నోడు నోట్లో పెట్టుకునే రకమైతే ఈ ఉప్పు ముద్ద ఇవ్వొద్దండి. ఇందులో ఉప్పు మామూలు వంటలో కంటే ఎన్నో రెట్లు. ఒక ఉండ మింగితే వాంతులు పట్టుకుంటాయి, ఎక్కువ తింటే ఆస్పత్రి పనే. వాడికి ఉప్పు లేని చపాతీ పిండి నిమ్మకాయంత ఇచ్చి, సాయంత్రం పారేయండి. పెద్దదాని ముద్ద పసుపు రంగు, చిన్నోడిది తెలుపు. కలిసిపోతే చూడగానే తెలుస్తుంది.

ముద్ద ఇచ్చి ఊరుకోవద్దు, ఆడే పని చెప్పాలి. రెండున్నరేళ్ళకు గుచ్చడం, చీల్చడం: జంతికల గొట్టం బిళ్ళ మీద నొక్కితే చుక్కలు పడతాయి. అయిదేళ్ళకు పాములు చేసి సమానంగా కొయ్యడం, పొడవు వారీగా పేర్చడం, వాటితోనే అక్షరాలు మలచడం.

పలకా_బలపం
అక్షరాల మాట వచ్చింది కాబట్టి. అయిదేళ్ళ బిడ్డకు అ, ఆ వరస పట్టుకుని మొదలుపెట్టడమే చాలా ఇళ్ళలో జరిగే తప్పు. చదవడానికి ఆ వరస ఉండనీ, రాయడానికి మాత్రం ఆకారం వరస పట్టండి. "అ" రాయడం పెద్దవాళ్ళకు సులువు గానీ, అందులో మెలి తిరిగే చోటు పసిచేతికి కష్టం.

సున్న వచ్చిందంటే ర వచ్చినట్టే, పైన తలకట్టు పెట్టాలి. ర మధ్యలో చుక్క పెడితే ఠ. ద వచ్చాక కింద చిన్న గీత చేరిస్తే ధ, దాని కడుపులో చుక్క పెడితే థ. ప నుంచి ఫ, ష. ఇట్ట కుటుంబాలుగా వెళ్తే వారానికి రెండు కుటుంబాలు నడుస్తాయి. ఒక్కో అక్షరం మొదట గాల్లో భుజం నుంచి చెయ్యంతా తిప్పి, తర్వాత ఇసుక పళ్ళెంలో వేలితో, ఆఖర్న పలక మీద.

ఇసుకకు: భోజనం పళ్ళెం కంటే పెద్ద పళ్ళెం, ఇసుక మందం 1 సెం.మీ. మించకూడదు. మందమైతే గీత పక్కల నుంచి ఇసుక జారి పూడుకుపోతుంది, పలచనైతే గోరు పళ్ళేనికి గీసుకుంటుంది. పెన్న ఇసుక జల్లించి రెండు నీళ్ళు కడిగి ఎండబెట్టాలి. మైపాడు, కొత్తపట్నం ఒడ్డు ఇసుక చూడ్డానికి సన్నగా బాగుంటుంది గానీ ఉప్పు పట్టి ఉంటుంది, ఎండినట్టే ఉండి మబ్బు పట్టగానే చెమ్మగిల్లి ఉండకడుతుంది.

పలకకొస్తే, దొరికితే రాతి పలకే తీసుకోండి, మార్కాపురం పలక అంటే అంగట్లో తెలుస్తుంది. రేకు పలక, ప్లాస్టిక్ పలక నున్నగా ఉండి బలపం జారిపోతుంది. రాయి కాస్త పట్టి ఆపుతుంది, ఆ పట్టు వల్లే చేతికి గీత ఎటు పోతోందో తెలుస్తుంది. చెక్క చట్రం వదులైతే రాయి మూల బయటికొచ్చి కోసుకుంటుంది, వేలితో అంచంతా తడిమి చూసి కొనండి.

కొత్త బలపం పొడుగ్గా అలాగే ఇవ్వబాకండి. 3 సెం.మీ. ముక్కలుగా విరవండి. పొడుగు బలపాన్ని గరిటెలా గుప్పిట్లో పట్టుకుంటారు, చిన్నముక్కకు గుప్పిట చాలదు కాబట్టి మూడు వేళ్ళ మధ్యకు దానంతటదే వస్తుంది. "ఇట్ట పట్టుకో, అట్ట పట్టుకో" అని చెప్పే పనే ఉండదు. ఇది మూడేళ్ళు దాటినవాళ్ళకు. చిన్నోడికి లావు సుద్దముక్క, అదీ ఎదురుగా కూర్చుని.

చీమకుర్తి_నల్లరాయి
సుద్దముక్కతో నేల మీద రాయించేవాళ్ళకు ఒక మాట. పాలిష్ చేసిన గ్రానైట్ మీద సుద్ద పడదు, జారుతుంది. పాలిష్ పెట్టని పలక మిగులు ముక్క గ్రానైట్ యార్డులో అడిగితే ఇస్తారు. రెండడుగుల చదరం చాలు, అంచులు రాపిడి పట్టించాలి, గోడకు ఆనించకుండా నేల మీద పరవాలి. అది పడితే కాలు మిగలదు.

ముగ్గుపిండి మాత్రం పిల్లల చేతికి వద్దు. అది రాతిపొడి, ముక్కులోకి, కంట్లోకి పోతుంది. బియ్యప్పిండి ఇవ్వండి, మిగిలింది చీమలు చూసుకుంటాయి. మూడు చుక్కలు మూడు వరసలు పెట్టి, చుక్క నుంచి చుక్కకు గీత కలపడం నాలుగేళ్ళకు కుదురుతుంది. చుక్కల చుట్టూ తిరిగే మెలిక ముగ్గు ఆరేడేళ్ళ దాకా ఆగాలి.

కావలి_గేటు
గురివింద గింజలు, చింతపిక్కలు కలిపి రంగుల వారీగా ఏరించే ఆట బాగుంటుంది కదా. ఎరుపు, నలుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

అంగన్‌వాడీ_అక్క
గురివింద వద్దే వద్దు అన్నా. ఆ గింజ లోపలి విషం చాలా చెడ్డది. పై పొట్టు గట్టిది కాబట్టి ఒక్కోసారి మింగినా అలాగే బయటికి పోతుంది గానీ, కొరికినా, గుండుసూదితో గుచ్చి దండ కట్టినా విషం బయటపడ్డట్టే.

కావలి_గేటు
పాతరోజుల్లో అందరూ ఆడారు, తూకానికి కూడా అవే వాడారు కదక్కా.

అంగన్‌వాడీ_అక్క
తూకం వేసింది కంసాలి, రెండున్నరేళ్ళ బిడ్డ కాదు. వంటల ఆటలో కూరకని కోసుకొచ్చే ఆకులు కూడా ఒకసారి చూడండి. గన్నేరు ఆకు, పువ్వు, ఆముదం గింజలు, ఉమ్మెత్త కాయ, ఇవి పెరట్లోనే ఉంటాయి, అన్నీ విషమే. మందారం, తులసి, కరివేపాకు, గడ్డి ఇవ్వండి.

రంగులు ఏరడానికి చొక్కా గుండీలు అంటారు, అవీ మూడేళ్ళలోపు వద్దు. చిన్నోడికి కొలత ఇది: 3 సెం.మీ. కంటే చిన్నది ఏదైనా గొంతులో అడ్డం పడుతుంది. చింతపిక్క, గచ్చకాయ, గోలీ, సీసా మూత, అన్నీ అందులోకే వస్తాయి. సీసా మూతలు నిమ్మకాయల పక్కన పెట్టి చూస్తే ఏది ఉంచాలో ఏది తీయాలో మీకే తెలుస్తుంది. వాడికి బంగాళదుంపలు, ఉల్లిపాయలు, నిమ్మకాయలు వేరు చేయమని మూడు గంపలు పెట్టండి, అంతకన్నా రంగుల ఆట ఏం కావాలి. రిమోట్లలో, పాటలు పాడే బొమ్మల్లో ఉండే గుండీ బ్యాటరీ ఇంకా చెడ్డది. మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోవడం మొదలవుతుంది. మూతకు స్క్రూ లేని బొమ్మ ఇంట్లో ఉంచొద్దు.

గవ్వల_సంచి
అయితే చింతపిక్కలు పెద్దదానికి. 30 గుడ్ల అట్ట ఉంటుంది కదా, అయిదు వరసలు, ఆరు గుంటలు. అందులో అయిదు గుంటలు చొప్పున రెండు వరసలు కత్తిరించండి. పది గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో పిక్క. ఏడు వేస్తే మూడు గుంటలు ఖాళీగా కనిపిస్తాయి. "ఏడుకు ఎంత చేరిస్తే పది" అని అడగక్కర్లేదు, ఖాళీలే చెబుతాయి. గుడ్డు సొన అంటిన అట్ట పారేయండి, శుభ్రమైనది రెండు రోజులు ఎండలో పెట్టి వాడండి.

ఇది వచ్చాక వామనగుంటలు. అసలు ఆటకు ఇటు ఏడు అటు ఏడు, పద్నాలుగు గుంటలు, గుంటకు అయిదు పిక్కల లెక్కన 70 పిక్కలు. అయిదేళ్ళ బిడ్డకు అది జాస్తి. అట్టలో ఆరేసి గుంటలు రెండు వరసలు కత్తిరించి, గుంటకు మూడు పిక్కలు వేయండి, మొత్తం 36. తన వైపు గుంటలోవి అన్నీ తీసి, పక్క గుంట నుంచి ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే తర్వాతి గుంటలోవి తీసి సాగాలి, తర్వాతి గుంట ఖాళీ అయితే దాని అవతలి గుంటలోవి తనవి, ఆట అవతలివాళ్ళకు. పిల్లలు తప్పు చేసేది ఒక్క చోటే: తీసిన గుంటలోనే మొదటి పిక్క వేసేస్తారు. తీసిన గుంటలో ఒక ఆకు పెట్టించండి.

వంటింటి_రసాయనం
పసుపు కాగితం ఎవరూ చెప్పలేదే. ఒక చెంచా పసుపు రెండు టేబుల్ స్పూన్ల నీళ్ళలో కలిపి తెల్లకాగితం మీద దూదితో పూయండి. నీడలో ఆరనివ్వాలి, ఎండకు పసుపు వెలిసిపోతుంది. ఆరాక పొడి దులిపేసి వేలెడు పట్టీలు కత్తిరించండి. బట్టల సబ్బు నురగ తాకితే ఎర్రగా తిరుగుతుంది, దాని మీద నిమ్మరసం వేస్తే మళ్ళీ పసుపు. పెళ్ళిలో పారాణి ఎర్రబడేది ఇందుకే, పసుపులో సున్నం కలుస్తుంది. సున్నం మాత్రం పిల్లల చేతికివ్వద్దు, కంట్లో పడితే కాలుస్తుంది. సబ్బు చాలు.

షాంపూతో ఏమీ మారలేదంటారు కొందరు. దాంట్లో సబ్బులోలా క్షారం ఉండదు, మారదు. వంటసోడాతో కొద్దిగానే మారుతుంది, అదీ చిక్కగా కలిపితే. బిడ్డకు ముందు బట్టల సబ్బు చూపించి, తర్వాత మిగతావి "ఇది మారుతుందా" అని పందెం కట్టించండి. శంఖుపూలు దొరికితే వేణ్ణీళ్ళలో పది పూలు నానేయండి, నీలం నీళ్ళు నిమ్మరసంతో ఊదాకు తిరుగుతాయి.

గుడ్డు తేల్చే ఆట కూడా ఉంది. 200 మి.లీ. నీళ్ళలో మెత్తటి ఉప్పు 2 టేబుల్ స్పూన్లు కరిగిస్తే తాజా గుడ్డు తేలుతుంది. సముద్రపు నీళ్ళలో తేలదు, వాటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పే ఉంటుంది. గుడ్డుకు దానికి మూడింతల పైనే కావాలి. మంచినీళ్ళలోనే తేలిందంటే తప్పు ఉప్పుది కాదు, గుడ్డు పాతది.

ముంజల_బండి
ఎండాకాలం దాకా ఆగగలిగితే ముంజల బండి. ముంజలు తీసేసిన తాటికాయలు రెండు, ఒకే సైజువి. అర మీటరుకు తక్కువ పుల్ల ఇరుసుకు, చూపుడువేలి లావు. కాయ మధ్యలోంచి సూటిగా దించాలి, అదే కష్టం. పక్కకు పోతే చక్రం ఎగిరెగిరి పడుతుంది. కత్తి పని పెద్దవాళ్ళది. పంగలకర్ర మీటరు పొడుగు, పంగ ఇరుసు మధ్యలో ఆనాలి. తొయ్యడానికే, లాగడానికి కాదు, లాగితే పంగ జారిపోతుంది. నాలుగు రోజులకు కాయ ఎండి బెజ్జం వదులవుతుంది. ఇరుసు కొసలకు గుడ్డపీలిక చుట్టండి, ఇంకో వారం వస్తుంది.

రెండున్నరేళ్ళ వాడికి పంగలకర్ర నడుము ఎత్తుకు కోయాలి. పొడుగైతే పడ్డప్పుడు గడ్డానికి తగులుతుంది.

కావలి_గేటు
రవ్వ, పిండి, గుడ్డు అన్నీ ఆటలకే వాడమంటున్నారు. తిండితో ఆటలేందని మా ఇళ్ళలో పెద్దవాళ్ళు ఒప్పుకోరు. వాళ్ళ మాటా నిజమే.

అంగన్‌వాడీ_అక్క
నిజమే అన్నా. పోత ఆటకు రవ్వ బదులు కడిగి ఆరబెట్టిన ఇసుక పెట్టొచ్చు, వాడు నోట్లో పెట్టుకోకుండా ఉంటేనే. లేదా పనినే ఆట చేయండి: వంటకు కొలిచిన బియ్యం డబ్బాలోంచి గిన్నెలోకి వాడితో పోయించండి, అది ఎట్టాగూ అన్నమే అవుతుంది. చిక్కుడుకాయలు ఒలవడం, ఉతికిన బట్టల్లో జతలు కలపడం కూడా ఇదే చదువు. మాంటిస్సోరి అమ్మ చెప్పిందీ ఇదే, ఇంటి పనులే పసివాళ్ళకు పాఠమని. ఆవిడ 1939లో మన పక్కనే మద్రాసు అడయారుకొచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే పాఠాలు చెప్పింది.

కందుకూరు_కిటికీ
అందరికీ దండాలు. రెండు సందేహాలు. పెద్దది బలపం తింటోంది, తిడితే దాచుకుని తింటుంది. ఇంకోటి, ఒక్కో ఆట ఎంతసేపు?

పలకా_బలపం
తిట్టబాకండి. బలపం, మట్టి, గోడసున్నం మీదకు మనసు పోయే పిల్లల్లో చాలామందికి ఇనుము తక్కువగా ఉంటుంది. డాక్టరు దగ్గర రక్తం పరీక్ష చేయిస్తే తెలుస్తుంది. అప్పటిదాకా పలక పక్కన పెట్టి ఇసుక పళ్ళెం వాడండి.

అంగన్‌వాడీ_అక్క
చిన్నోడు ఒక్కోదానికి అయిదు నుంచి పది నిమిషాలు, పెద్దది ఇరవై దాకా. వాడు లేచిపోతే మళ్ళీ కూర్చోబెట్టద్దు, పళ్ళెం ఎత్తి పైన పెట్టేయండి, రేపు అదే అడుగుతాడు. రోజుకు రెండు ఆటలు చాలు, మిగతాది పరుగే. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజు మొత్తం మీద 3 గంటల కదలిక ఉండాలని, ఫోను, టీవీ కలిపి గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

వంటింటి_రసాయనం
ఒకటి మరిచాను. పసుపు కాగితం ఆటకు నిమ్మరసం ఉగ్గుగిన్నెలో పొయ్యబాకండి, ఇత్తడిదైతే పులుపుకు చిలుము పడుతుంది. గాజు గిన్నెలో పోసి, పెద్దపాప చేత స్టీలు చెంచాతో చుక్క చుక్క వేయించండి.

కందుకూరు_కిటికీ
మాది వెండిదండి. అయినా గాజుదే తీస్తాను.